జనాభా కొలతలు: ముందు హారం చూడండి

గ్రూప్-2కి, డీఎస్సీకి చదివే పిల్లలు జనాభా చాప్టర్ దగ్గరికి వచ్చేసరికి రెండు రకాలుగా విడిపోతారు. కొందరు అంకెలన్నీ బట్టీ పట్టేస్తారు. మిగతావాళ్లు ‘లెక్కలు మన వల్ల కాదు’ అని పేజీ తిప్పేస్తారు. నేను పగలు హైస్కూల్లో సోషల్ టీచర్ని. సాయంత్రాలు విశాఖ కంచరపాలెంలో ఇలాంటి పిల్లలకు జాగ్రఫీ చెప్తాను. రెండు రకాల వాళ్లకూ మొదటి క్లాసులో చెప్పేది ఒక్కటే: ఈ చాప్టరంతా భాగహారమే. పైన ఏం వేయాలో ఎవరికైనా తెలుస్తుంది. కింద ఏం వేయాలన్న చోటే పేపర్ సెట్ చేసేవాళ్లు కాపు కాస్తారు. అందుకని ఏ కొలత కనబడినా ముందు దాని హారం ఏమిటో అడగండి.

జనసాంద్రతతో మొదలుపెడదాం, మన జిల్లాతోనే. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. విస్తీర్ణం 11,161 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 384 మంది. అదే లెక్కల్లో దేశం సగటు 382. చూడ్డానికి మన జిల్లా అచ్చం దేశం లాగే ఉంది కదా? ఈ అంకె బోర్డు మీద రాస్తే పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి లేచి, ‘మేడమ్, మా కొండల మీద అంతమంది ఏ మూలన ఉన్నారు?’ అన్నాడు. ఆ ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వచ్చిన లెక్కల్లోనే ఉంది. 2011 జనాభానే తీసుకుని, విడగొట్టినప్పటి సరిహద్దుల ప్రకారం మీరే చేసి చూడండి. కొత్త విశాఖపట్నం జిల్లా 1,048 చదరపు కిలోమీటర్లు, 19.59 లక్షల మంది. అనకాపల్లి 4,292 చదరపు కిలోమీటర్లు, 17.27 లక్షలు. రంపచోడవరం వైపు ప్రాంతం కూడా కలిసిన అల్లూరి సీతారామరాజు జిల్లా 12,251 చదరపు కిలోమీటర్లు, 9.54 లక్షలు. భాగిస్తే వరసగా సుమారు 1,870, 402, 78 వస్తాయి. 384 మంది ఉన్నది అనకాపల్లి మైదానంలోనే, అదీ సుమారుగా. జగదాంబ జంక్షన్‌లోనూ లేరు, అరకులోనూ లేరు.

కాబట్టి సాంద్రత అడిగితే ఏ హద్దుల లోపలి నేల అని అడగండి. అక్కడితో ఆగకుండా, ఆ నేలలో పండేది ఎంత అని కూడా అడగండి. 78 అనే అంకె చూసి ఏజెన్సీలో బోలెడు భూమి ఖాళీగా ఉందనుకుంటే పొరపాటు. అక్కడ ఎక్కువ భాగం కొండ, అడవి. మొత్తం నేల తీసేసి సాగుభూమి ఒక్కటే హారంలో వేస్తే వచ్చేదాన్ని మీ పుస్తకంలో ఫిజియలాజికల్ డెన్సిటీ అంటారు. పైన కూడా మొత్తం జనానికి బదులు వ్యవసాయం మీద బతికేవాళ్లను మాత్రమే వేస్తే అది వ్యవసాయ సాంద్రత. కొండ ప్రాంతాల సంగతి తెలుసుకోవాలంటే మామూలు సాంద్రత కన్నా ఈ రెండే పనికొస్తాయని నా అభిప్రాయం.

లవం కూడా అంత అమాయకమైనదేం కాదు. 2011లో నేను ఎన్యూమరేటర్ డ్యూటీ చేశాను. గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడైనా ఊళ్లో ఉన్న మామూలు నివాసులనే ఆ ఇంట్లో రాయాలి. ఒక ఇంట్లో భర్త మర్చంట్ నేవీలో ఉన్నాడు, నెలల తరబడి సముద్రం మీదే. ఆవిడ నాకు మంచినీళ్లిచ్చి, ‘ఇంటి యజమాని ఆయన, ఆయన పేరే రాయనంటే ఎలాగమ్మా?’ అని పట్టుబట్టింది. గణన కాలమంతా ఇంట్లో లేని మనిషిని రాయకూడదు మరి. చివరికి కుటుంబ పెద్ద గడిలో ఆవిడ పేరు రాశాను. అత్తగారు మాత్రం గుమ్మంలో నిలబడి నన్ను చూస్తూనే ఉంది. ఇళ్లు లేనివాళ్ల లెక్క వేరు: ఫిబ్రవరి 28 రాత్రి, ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడే. ఆర్టీసీ కాంప్లెక్స్ అరుగుల మీద, రైల్వే స్టేషన్ బయట టార్చిలైట్లు పట్టుకుని లెక్క రాసుకున్నాం. తర్వాత మార్చి 5 దాకా ఇంకో చుట్టు తిరిగి, ఈ మధ్యలో పుట్టిన పిల్లల్ని కలిపి, పోయినవాళ్లను తీసేశాం. ఇదంతా 2011 మార్చి 1 మొదలయ్యే క్షణానికి, అంటే అర్ధరాత్రి 12 గంటలకు, దేశంలో ఎంతమంది ఉన్నారని చెప్పడానికి. పరీక్షలో రిఫరెన్స్ తేదీ అని అడిగేది ఇదే.

స్త్రీ పురుష నిష్పత్తిలో హారం పురుషులు. మన దేశంలో వెయ్యి మంది పురుషులకు ఎంతమంది స్త్రీలు అని లెక్కగడతారు. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో తిరగేసి, వంద మంది స్త్రీలకు ఎంతమంది పురుషులు అని ఉంటుంది. ఆ పట్టికలో 106 అని చూసి ‘ఆడవాళ్లు ఎక్కువ’ అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. 2011లో ఉమ్మడి విశాఖ జిల్లాలో స్త్రీలు 21,51,679, పురుషులు 21,38,910. స్త్రీల సంఖ్యను పురుషుల సంఖ్యతో భాగించి వెయ్యితో గుణించండి: 1,006. దేశం మొత్తానికి 943. కానీ అదే 2011లో విశాఖ నగరం, అంటే నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) పరిధి, 978 దగ్గరే ఉంది. జిల్లాలో ఆడవాళ్లు ఎక్కువైతే నగరంలో మగవాళ్లు ఎందుకు ఎక్కువయ్యారు? పోర్టు, షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, నేవీ, వాటి చుట్టూ కాంట్రాక్టు పనులు. ఈ పనులకు ఇల్లూ పిల్లల్ని ఊళ్లోనే వదిలేసి వచ్చేది ఎక్కువగా మగవాళ్లే. గాజువాక వైపు ఒక గదిలో నలుగురైదుగురు కలిసి వండుకుతినే వాళ్లను చూస్తే 978 ఎలా వచ్చిందో అర్థమవుతుంది. అందుకే ఆడపిల్లల మీద వివక్ష ఉందా లేదా అని చూడాలంటే మొత్తం నిష్పత్తి చాలదు. 0-6 ఏళ్ల పిల్లల నిష్పత్తి చూడాలి. ఆ వయసులో పని కోసం ఎవరూ వలస పోరు కదా.

అక్షరాస్యతను త్వరగా ముగిద్దాం. ఏడేళ్లు నిండినవాళ్లే హారం, 1991 నుంచి ఇదే పద్ధతి. వెయ్యి మంది ఉన్న ఊళ్లో 150 మంది ఏడేళ్ల లోపువాళ్లు, 600 మంది చదవడం రాయడం వచ్చినవాళ్లు అనుకోండి. వెయ్యితో భాగిస్తే 60 శాతం, 850తో భాగిస్తే 70.6. రెండూ ఆప్షన్లలో ఉంటాయి. రెండోదే పెట్టండి.

జనన రేటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఏడాదిలో సజీవంగా పుట్టిన పిల్లల్ని ఆ ఏడాది మధ్యనాటి జనాభాతో భాగించి వెయ్యితో గుణిస్తే స్థూల జనన రేటు. మరణ రేటుకూ ఇదే వరస. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ లెక్కల్లో 2020లో దేశానికి జనన రేటు 19.5, మరణ రేటు 6.0. తేడా 13.5. అది వెయ్యికి కాబట్టి శాతంలో 1.35. సహజ పెరుగుదల అంటే ఇదే, ఇందులో వలస ఉండదు.

ఇప్పుడొక చిక్కు. విశాఖలో రిజిస్టర్ అయిన జననాలన్నీ కూడి, విశాఖ జనాభాతో భాగిస్తే విశాఖ జనన రేటు వస్తుందా? రాదు. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కేజీహెచ్ ప్రసూతి వార్డు బయట ఓ గంట కూర్చోండి. శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. ఆ పిల్లలంతా విశాఖ లవంలో చేరతారు, వాళ్ల అమ్మలు మాత్రం విశాఖ హారంలో లేరు. దీనికి తోడు మనకు పురిటికి పుట్టింటికి వెళ్లే ఆచారం ఒకటి. సీతమ్మధారలో కాపురం ఉండే అమ్మాయి నర్సీపట్నంలో కంటుంది, మధురవాడలో పుట్టిల్లున్న అమ్మాయి హైదరాబాద్ నుంచి ఇక్కడికి వస్తుంది. అందుకే సరైన రేటు కావాలంటే తల్లి ఎక్కడ నివాసముంటుందో దాన్నిబట్టి పిల్లల్ని పంచాలి. పైనున్న మనుషులూ కిందున్న మనుషులూ ఒకే గుంపులోవాళ్లై ఉండాలి. ఈ సూత్రం ఒంటబడితే సగం చాప్టర్ అయిపోయినట్టే.

శిశు మరణాల రేటులో హారం మొత్తం జనాభా కాదు, ఆ ఏడాది సజీవంగా పుట్టిన పిల్లలు. ఏడాది నిండకుండా ఎంతమంది పోయారన్నదే లెక్క. 2020లో దేశానికి వెయ్యికి 28. టీఎఫ్ఆర్ (మొత్తం సంతాన రేటు) అంటే ఒక స్త్రీ ఇప్పటి రేట్ల ప్రకారం జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్య. దాని దగ్గర హారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలు, అదీ ఒక్కో వయసు గుంపుకు విడివిడిగా. స్థూల జనన రేటు హారంలో తాతలూ మనవలూ కూడా ఉంటారు కాబట్టి ముసలివాళ్లు ఎక్కువున్న ఊళ్లో అది దానంతటదే తగ్గుతుంది. టీఎఫ్ఆర్‌కి ఆ ఇబ్బంది లేదు, అందుకే రెండు రాష్ట్రాలను పోల్చాలంటే దాన్నే వాడాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశానికి 2.0, ఆంధ్రప్రదేశ్‌కు 1.7. తరం తరాన్ని భర్తీ చేయాలంటే 2.1 కావాలి. మరి మన జనాభా వెంటనే ఎందుకు తగ్గడం లేదంటే, పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువగా ఉండటం వల్ల.

పెరుగుదల రేటుకు హారం పాత జనాభా, కొత్తది కాదు. ఉమ్మడి జిల్లా 2001లో 38,32,336. పదేళ్లలో పెరిగింది 4,58,253. పాత సంఖ్యతో భాగిస్తే 11.96 శాతం. దీన్ని పదితో భాగించి ‘ఏడాదికి 1.2’ అనకండి. చక్రవడ్డీ లాగా పెరుగుతుంది కాబట్టి ఏడాదికి దాదాపు 1.14 వస్తుంది. రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు అంటే 70ని ఆ రేటుతో భాగించండి, సుమారు 61.

ఇక నగరం లెక్క చూస్తే చాలామంది బోల్తా పడతారు. 2001లో విశాఖ మున్సిపల్ హద్దుల్లో పది లక్షల లోపు జనం. 2011లో 17.28 లక్షలు. పదేళ్లలో డెబ్బై శాతం పైనే పెరిగిందా? లేదు. మధ్యలో 2005లో గాజువాక మున్సిపాలిటీనీ, 32 గ్రామాలనూ కలిపి జీవీఎంసీ చేశారు. గాజువాకలో ఎవరూ ఇల్లు కదల్లేదు, కార్పొరేషన్ గీతే వాళ్ల దాకా వచ్చింది. 2001లో నగర సముదాయం, అంటే చుట్టుపక్కలవి కూడా కలిపిన జనాభా, 13.45 లక్షలు. దానితో పోలిస్తే పెరిగింది 28 శాతం చిల్లర. రెండు సంవత్సరాలను పోల్చేముందు రెండింటి మ్యాపులూ ఒకటేనా అని చూడండి.

వలసను కూడా పాత లెక్కల్లోంచే పట్టొచ్చు. జనాభాలో వచ్చే మార్పంతా నాలుగింటితోనే: పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు. 1941లో విశాఖ పట్టణంలో 70,243 మంది, 1951లో 1,08,042 మంది. ఆ పదేళ్లలో దేశం పెరిగింది 13.31 శాతం, దాన్నే ఇంచుమించుగా సహజ పెరుగుదల అనుకుందాం. విశాఖ కూడా అంతే పెరిగి ఉంటే 79,600 దగ్గర ఆగాలి. మిగతా ఇరవై ఎనిమిది వేలూ ఎక్కడివి? కొంత హద్దులు జరగడం వల్ల అయ్యుండొచ్చు, ఎక్కువ భాగం మాత్రం వలసే. 1933లో పోర్టు తెరిచారు, 1941లో షిప్‌యార్డ్ మొదలైంది, మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. పద్ధతి మీకు దొరికింది కదా: ఊరి అసలు పెరుగుదల లోంచి సహజ పెరుగుదల తీసేయాలి.

చివరిది జనాభా పిరమిడ్. దీన్ని బొమ్మ చూసి నేర్చుకోలేరు, గీయాలి. గ్రాఫ్ పేపర్ మధ్యలో నిలువు గీత, ఎడమ పక్క మగవాళ్లు, కుడి పక్క ఆడవాళ్లు, కింద నుంచి పైకి అయిదేసి ఏళ్ల మెట్లు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగితే అరగంటలో అందరి వయసులూ ఇంచుమించుగా చెప్పేస్తాడు. ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్ తీసుకున్న నా స్టూడెంట్‌కు పిరమిడ్ తలకిందులుగా వచ్చింది: పైన రిటైరైన దంపతులు, కింద పిల్లలే లేరు, ఎందుకంటే కొడుకులూ కూతుళ్లూ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. రుషికొండ ఐటీ కంపెనీల దగ్గర హాస్టల్ ఉన్న వీధి తీసుకున్నవాడికి 20 నుంచి 29 మధ్య పెద్ద బొజ్జ వచ్చింది, పైనా కిందా ఖాళీ. గీశాక డిపెండెన్సీ రేషియో కట్టండి: 15 ఏళ్ల లోపువాళ్లనూ 60 దాటినవాళ్లనూ కలిపి, మధ్యవాళ్లతో భాగించి వందతో గుణించాలి. కొన్ని అంతర్జాతీయ పట్టికలు 60 బదులు 65 తీసుకుంటాయి, ప్రశ్నలో ఏది ఇచ్చారో చూడండి. అపార్ట్‌మెంట్‌కు ఈ అంకె భారీగా వస్తుంది, హాస్టల్ వీధికి దాదాపు సున్నా. అయితే ఎంవీపీ పెద్దాయనకు పెన్షన్ వస్తోంది, హాస్టల్ కుర్రాడికి ఇంకా ఉద్యోగం రాలేదు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారన్నది ఈ కొలత చెప్పదు, వయసులు మాత్రమే చెప్తుంది.

పరీక్షకు వెళ్లేముందు ఒక పని చేయండి. 2011 అంకెలు మీ నోట్సులో తాత్కాలికమైనవో తుదివో చూసుకోండి. స్త్రీ పురుష నిష్పత్తి 940 అని ఉంటే అది తాత్కాలిక లెక్క, తుది లెక్క 943. అక్షరాస్యత 74.04 తాత్కాలికం, 73 తుది. ఇప్పుడు రాబోయే గణనకు రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. మంచు కురిసే ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబర్ 1. ఈ రెండు తేదీలూ పెన్సిల్‌తో కాకుండా పెన్నుతోనే రాసుకోవచ్చు.