తొలి కాన్పుకు ముందు ఏం కొనాలి? ఏవి ఆపాలి?

చంటిపిల్లల దుకాణంలో అడుగుపెడితే ఏదీ వదలబుద్ధి కాదు. వేలెడంత మేజోళ్ళు, అరచేతిలో పట్టే టోపీలు, కుందేలు చెవుల దుప్పట్లు. బిల్లు చూశాక గానీ ఎంత కొన్నామో తెలియదు. నిజానికి పుట్టిన బిడ్డకు మొదటి నెలంతా కావలసినవి తల్లిపాలు, వెచ్చదనం, పొడిగుడ్డ, దోమ కుట్టని నిద్ర. వీటికి పనికొచ్చేవి మాత్రం ముందే ఇంట్లో ఉండాలి. మిగతావి బిడ్డ పుట్టాక, అవసరం కనబడ్డాక కొనుక్కోవచ్చు. ఆలస్యమైతే వచ్చే నష్టమేమీ లేదు.

1. మొదటి మూడు నెలలు ఏ ఇంట్లోనో తేల్చుకోండి

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఉద్యోగాల వల్ల ఇప్పుడు అందరికీ కుదరడం లేదు. చూపించుకుంటున్న డాక్టరు ఉన్న ఊళ్ళోనే ఉండి, అమ్మనే రప్పించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఏదైనా సరే, ఏడో నెలలోనే అమ్మతో, అత్తగారితో మాట్లాడి తేల్చుకోండి. హైదరాబాద్ ఫ్లాట్‌లో అన్నీ సర్దిపెట్టుకుని కాన్పుకు రాజమండ్రి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఆ బట్టల్లో సగం బిడ్డకు పట్టవు. ఉయ్యాల, దోమతెర, పరుపు లాంటి పెద్ద సామాను బిడ్డ ఉండే ఇంటికే చేరాలి.

ఆ ఇంటి అటక మీద ఏముందో కూడా అప్పుడే అడగండి. అక్క పిల్లల ఉయ్యాలో, వదిన కొన్న స్నానం టబ్బో దొరక్కపోదు. తీసుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. చంటిపిల్లల సామాను ఏదీ అరిగిపోయేంతగా వాడరు.

కాన్పు ఏ నెలలోనో చూసుకోండి. విజయవాడలో మే నెల కాన్పుకు పల్చటి నూలు బట్టలు చాలు. ఆదిలాబాద్‌లో డిసెంబరంటే ఉన్ని టోపీ, స్వెటరు, మందపాటి దుప్పటి తప్పవు. శ్రావణ భాద్రపదాల వానల్లో ఉతికిన గుడ్డ ఆరదు కాబట్టి లంగోటీలు రెట్టింపు ఉండాలి. దుకాణంవాళ్ళు చూపించే పట్టికల్లో ఈ లెక్క ఉండదు.

2. "పుట్టకముందే కొనకూడదు" అంటే ఏం చేయాలి?

చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఈ మాట అంటారు. పురిట్లోనే పిల్లలు పోయిన రోజులు చూసినవాళ్ళ భయం అది. వాళ్ళతో వాదన పెట్టుకోవడం కంటే దారి వెతకడం మేలు. చాలామంది ఇళ్ళలో పురిటి శుద్ధి అయ్యేదాకా బిడ్డకు కొత్త బట్ట వేయరు కూడా. బంధువుల పిల్లలు వాడిన జుబ్బాలు, అమ్మ పాత నూలు చీరలు, నాన్న పాత పంచెలు కొన్నవి కావు కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలుకు మించిన బట్ట పసిచర్మానికి లేదు. తల్లికి కావలసినవి ఎలాగూ ముందే కొనొచ్చు. మిగతావాటికి పట్టిక రాసి, దుకాణం పేరు, కొలత, రకం అన్నీ వివరంగా పెట్టి, తమ్ముడికో మరిదికో ఇవ్వండి. బిడ్డ పుట్టిందన్న ఫోన్ రాగానే అతను వెళ్ళి తెస్తాడు. పట్టిక లేకుండా పంపితే మాత్రం ఆరు నెలల బిడ్డ కొలతలతో తిరిగొస్తాడు.

అటక మీది బట్టల విషయంలో ఒక జాగ్రత్త. వాటి మధ్య కలరా ఉండలు వేసి ఉంటే ఎండలో పరిచి, గాలి తగలనిచ్చి, ఒకటికి రెండుసార్లు ఉతకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు ఆ వాసన వల్ల ఎర్రకణాలు చితికి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. మీ బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పుట్టకముందు తెలియదు. కొత్త బట్టలైనా ఒకసారి ఉతికి ఎండబెట్టాకే వేయాలి.

3. ఆసుపత్రి సంచి సర్దండి

ముప్పై ఆరో వారం వచ్చేసరికి సంచి సిద్ధంగా, అందరికీ కనబడే చోట ఉండాలి. ఫైలు అందులోనే పెట్టండి: స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు, ఎంసీపీ కార్డు (గర్భిణి పరీక్షలు, బిడ్డ టీకాలు రాసే తల్లీబిడ్డల రక్షణ కార్డు), భార్యాభర్తల ఆధార్, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు.

బిడ్డకు: ముందువైపు తాళ్ళు కట్టే నూలు జబ్లాలు నాలుగైదు, చుట్టడానికి మెత్తటి గుడ్డలు ఆరు, లంగోటీలు డజను, చిన్న సైజు డైపర్ల ప్యాకెట్ ఒకటి, టోపీ, మేజోళ్ళు, ఒక దుప్పటి.

తల్లికి: ముందు జిప్పు ఉన్న నైటీలు మూడు, నాలుగు. పాలివ్వడానికి వీలయ్యే లోదుస్తులు, కాన్పు తర్వాత వాడే పెద్ద ప్యాడ్లు, జారని చెప్పులు, తువ్వాళ్ళు, వేడినీళ్ళ ఫ్లాస్కు, పొడుగు తీగ ఉన్న ఛార్జర్. నైటీలు వదులుగా, ముదురు రంగువి తీసుకోండి. లేత రంగు మీద మరకలు పోవు. ఈ జాబితాలో తల్లి వస్తువులనే ఎక్కువమంది మర్చిపోతారు. బిడ్డకు మూడు రకాల టోపీలుంటాయి, తల్లికి రెండో రాత్రికి కట్టుకోవడానికి ఉతికిన నైటీ ఉండదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పైతే వీటిలో కొన్ని కొనాల్సిన పని లేకపోవచ్చు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బులు, నూనె, దోమతెర, తల్లీబిడ్డలకు బట్టలు కలిపి ఇచ్చేవారు. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లూ వస్తువులూ మారతాయి. ఇప్పుడు మీ దగ్గర ఏమిస్తున్నారో ఆశ కార్యకర్తనో, ఏఎన్ఎమ్ నర్సునో అడిగాకే పట్టిక రాసుకోండి.

4. బట్టలు తక్కువ, గుడ్డలు ఎక్కువ

నెలలు నిండి పుట్టిన మన పిల్లలు ఎక్కువగా రెండున్నర నుంచి మూడున్నర కిలోల మధ్య ఉంటారు. అతి చిన్న కొలత బట్టలు నెలన్నరకే పొట్టివైపోతాయి. అందుకని ఆ కొలతలో ఎనిమిది జబ్లాలకు మించి వద్దు. తలమీంచి తొడిగేవి, వెనక గుండీలున్నవి, జరీ, మెరుపులు అంటించినవి పక్కన పెట్టండి. మెడ నిలవని బిడ్డకు తలమీంచి తొడగడం ఎంత టెన్షనో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. పట్టులంగా, ధోతీ సెట్టు బారసాలకు ఎవరో ఒకరు తెచ్చే తీరతారు.

గుడ్డల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. పాలు సరిగ్గా అందుతున్న బిడ్డ మొదటి వారం గడిచాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంది, దొడ్డికి కూడా చాలాసార్లు వెళ్తుంది. పాత చీర చించి అంచులు కుట్టిన లంగోటీలు ముప్పై దాకా, కింద వేసే రబ్బరు షీట్లు రెండు లేదా మూడు ఉండాలి. డైపర్లు రాత్రిపూటకూ, ప్రయాణానికీ ఉంచుకుని పగలు గుడ్డ వాడటం చాలామందికి కుదిరే పద్ధతి. సాయం చేసే మనిషి లేకపోతే పగలూ డైపరే వేయండి, అందులో తప్పేమీ లేదు. కానీ చిన్న సైజు పెద్ద ప్యాకెట్లు ముందే కొనిపెట్టుకోవద్దు. బిడ్డ బరువు పెరిగితే మిగిలిపోతాయి, ఆ కంపెనీ డైపర్ పడకపోయినా అంతే.

5. పడక

గట్టిగా, చదునుగా ఉండే చిన్న పరుపు, దానిమీద బిగుతుగా పట్టే నూలు దుప్పటి చాలు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ మెత్తలు, బొమ్మలు, దిండ్లు పెట్టకూడదు, ముఖానికి అడ్డుపడి ఊపిరాడకపోవచ్చు. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు కుట్టే అలవాటు మనకుంది, దుకాణాల్లోనూ అమ్ముతున్నారు. అమ్మమ్మ ప్రేమగా కుట్టి తెస్తే వద్దనడం కష్టమే. తీసుకుని, నిద్రలో మాత్రం వాడకండి. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి ఆడించడం, ఒకే పక్కకు తల తిప్పి పడుకోకుండా చూడటం తల ఆకారానికి మేలు చేస్తాయి.

గొడుగులా మడిచే దోమతెర ముందే కొనాల్సిన వస్తువు. పసిబిడ్డ పడుకునే గదిలో దోమల చుట్ట వెలిగించలేం కాబట్టి దీనికి బదులు లేదు.

ఉయ్యాలకు తొందర లేదు, మన దగ్గర ఎలాగూ ఇరవై ఒకటో రోజున బారసాలకే ఉయ్యాలలో వేస్తారు. పాతది తెచ్చుకుంటే మరలు, గొలుసులు, కొక్కెం బరువు లాగి పరీక్షించండి. కమ్మీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లకు మించకూడదు. చీరతో కట్టిన ఊయలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకునే వీలుంది కాబట్టి, పక్కన మనిషి ఉన్నంతసేపే ఊపండి. నిద్రపోయాక చదునైన పడక మీదికి మార్చండి.

6. పాలసీసా ముందే కొనకండి

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. డబ్బాపాలు, పాలసీసాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. సీసా ఇంట్లో ఉంటే మూడో రోజు రాత్రి బిడ్డ ఏడవగానే ఎవరో ఒకరు "పాలు చాలడం లేదేమో" అంటారు, అక్కడితో డబ్బా తెరుచుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు పాలు కొద్దిగానే వస్తాయి. బిడ్డ పొట్టా చిన్నదే. డాక్టరు అవసరమని చెబితే ఏ మందుల దుకాణంలోనైనా ఆ రోజే దొరుకుతుంది.

బిడ్డ చీకలేని పరిస్థితిలో పిండిన పాలు పట్టడానికి స్టీలు ఉగ్గుగిన్నె ఒకటి ఉంచుకోండి. సీసా కంటే కడగడం, మరిగించడం తేలిక. పాలు పిండే పంపు మాత్రం అవసరమయ్యాకే. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి, చట్టం వర్తించే చోట పనిచేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఉంటుంది. ఉద్యోగంలో చేరడానికి నెల ముందు కొన్నా చాలు. పాలిచ్చేటప్పుడు చేతికింద పెట్టుకునే ప్రత్యేక దిండు కూడా అంతే. ఇంట్లో బాలీసు ఉంటే అది దండగ.

7. స్నానం సామాను

కాళ్ళు చాపుకుని బిడ్డను వేసుకుని నీళ్ళు పోసే పెద్దావిడ ఇంట్లో ఉంటే టబ్బు అక్కర్లేదు, ఆవిడకు ఎత్తు సరిపోయే పీట కావాలి. ఒంటరిగా చేయించేవాళ్ళకు మాత్రం జారని అడుగున్న టబ్బు ఉపయోగం. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. సువాసన లేని సబ్బు, కొబ్బరినూనె, మెత్తటి తువ్వాళ్ళు రెండు. ఇంతే.

ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వద్దు. సున్నిపిండి గరుకు పసిచర్మానికి పడదు. సాంబ్రాణి పొగ ఊపిరితిత్తులకు చెడు. పౌడరు కూడా ముక్కులోకి పోతుంది. కాటుక కంట్లో పెట్టకుండా, దిష్టిచుక్కగా అరికాలిలో పెడితే పెద్దవాళ్ళ మాటా పోదు.

8. మందుల డబ్బా

డిజిటల్ థర్మామీటరు, చిన్న గోళ్ళ కత్తెర, దూది, డైపర్ ఒరుపుకు రాసే జింక్ ఆక్సైడ్ పూత. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం వస్తే ఇంట్లో మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గ్రైప్ వాటర్, వస కొమ్ము కొనకండి. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు రాయకూడదు.

9. ఇంటికి తెచ్చే ప్రయాణం

కారులో వస్తే బిడ్డ సీటు సంగతి ముందే చూడండి. 2019 మోటారు వాహనాల సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను బెల్టుతోనో, పిల్లల సీటుతోనో భద్రంగా కూర్చోబెట్టాలి. మనవాళ్ళు ఎక్కువగా ఒడిలోనే పెట్టుకుంటారు, కానీ గట్టి బ్రేకు పడితే చేతులు ఆపలేవు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇది ఆఖరి నిమిషం పని కాదు. బిడ్డను కారులో తీసుకెళ్ళాలంటే సీటు ఉండితీరాలి, దాన్ని బిగించడం ఒకటి రెండుసార్లు ముందే నేర్చుకోండి. ప్రమాదంలో ఉన్నదో లేదో తెలియని పాత సీటు వద్దు, గడువు తేదీ కూడా చూడండి. ఇండియా నుంచి వచ్చే అమ్మావాళ్ళతో తెప్పించుకోవడానికి నూలు లంగోటీలు, ఉగ్గుగిన్నె చాలు.

10. తర్వాత కొనేవి, బహుమతిగా అడిగేవి

"ఏం తేవాలి?" అని అడిగినవాళ్ళకు మొహమాటపడకుండా చెప్పండి. మూడు నుంచి ఆరు నెలల కొలత బట్టలు, డైపర్లు, ఏటికొప్పాక లక్క గిలక, ఏదైనా సరే. గిలక నోట్లో పెట్టుకునే వయసు రాకముందు పెద్దవాళ్ళే ఆడించాలి, ఊడే ముక్కలు లేవని చూసుకోవాలి. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కాబట్టి దుకాణంలో కొనేవాటి మీద ఆ గుర్తు వెతకండి.

అన్నప్రాశన దగ్గరపడ్డాక గిన్నె, చెంచా, కూర్చోబెట్టే కుర్చీ. నడకబండి మాత్రం ఎవరు తెచ్చినా తీసుకోకండి. మెట్ల మీంచి, పొయ్యి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళే ప్రమాదం వల్ల కెనడా 2004లోనే వాటి అమ్మకాలు నిషేధించింది. పిల్లలు నడక తొందరగా నేర్చుకుంటారన్న మాట కూడా నిజం కాదు.