శివరాత్రి తిరునాళ్ళకు ముందే: మందు మానిన మనిషి ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

మాఘమాసం పెళ్లిళ్లు మొదలైన వారంలోనే మా పక్క మండలంలో ఒకతన్ని స్పృహ లేకుండా ఒంగోలు తీసుకెళ్లాల్సి వచ్చింది. మందు మాని నెలలు గడిచాయి. డాక్టర్ రాసిన డైసల్ఫిరామ్ మాత్ర (ఇది వాడుతూ మందు తాగితే ఒళ్లు తీవ్రంగా తిరగబడుతుంది) వాడుతున్నాడని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉన్నారు. కానీ పెళ్లికి రెండు వారాల ముందు నుంచే అతను మాత్రను నాలుక కింద పెట్టుకుని, భార్య అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నాడు. పెళ్లిలో తాగాడు. పొద్దున్నే ఆమెకు అనుమానం వచ్చి ఎదురుగా నిలబడి మాత్ర మింగించింది. రాత్రి తాగింది ఇంకా ఒంట్లోనే ఉంది. ముఖం ఎర్రబడి, గుండె దడ పెరిగి, బీపీ పడిపోయింది. అదృష్టం బాగుండి బతికాడు. ఊళ్లో అందరూ తాగినందుకు తిడుతున్నారు. అతన్ని ఆసుపత్రి దాకా తెచ్చింది దాపరికం.

బెల్టు షాపు దారిన పోవద్దు, పాత జట్టుతో తిరగొద్దు అని మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. వాటిని వదిలేస్తున్నాను. మానినవాళ్ల కుటుంబాలతో కొన్నేళ్లుగా మాట్లాడుతున్నాను. మనుషుల్ని మళ్లీ పూర్తిగా ముంచింది చాలాసార్లు ఒక్కటే: మాట తప్పి మళ్లీ తాగిన రోజును దాచడం.

అది ఎలా జరుగుతుందో చూడండి. ఒక గ్లాసు పడుతుంది. పొద్దున లేచాక సిగ్గు. కౌన్సెలింగ్‌కి వెళితే మేడమ్ కనిపెట్టేస్తుందని ఆ వారం మానేస్తాడు. అక్కడికి వెళ్లకపోతే మాత్రలు అయిపోతాయి. ఎలాగూ చెడ్డాను కదా, ఇంకో రోజు తాగితే ఏమవుతుంది అనిపిస్తుంది. నెల తిరిగేసరికి పాత మనిషే. అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980లలో ఈ విషయం మీదే గట్టిగా పని చేశాడు. మొదటి గ్లాసు కన్నా, అది తాగాక మనిషి తన గురించి తాను అనుకునే మాటే అతన్ని ఎక్కువగా పడదోస్తుందని ఆయన చెప్పింది. ఇక్కడ మన ఊళ్లలో నేను చూసింది కూడా అదే.

దాచేలా చేసేది చాలావరకు ఇంట్లోవాళ్లే, అదీ ప్రేమతోనే. పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటారు. ఆ ఒట్టు తాగకుండా ఆపుతుందో లేదో గానీ, తాగాక చెప్పకుండా మాత్రం కచ్చితంగా ఆపుతుంది. పిల్లల మీద ఒట్టు తప్పానని ఏ తండ్రి నోరు విప్పి చెప్పగలడు? దయచేసి ఒట్టు పెట్టించొద్దు. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన సాయంత్రమే మొదలుపెట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దీక్ష మంచిదే. దీక్ష ముగిసిన మర్నాటికి ఏం చేయాలో రాసుకోకపోవడంతోనే చిక్కు.

కాబట్టి ఈ వారంలోనే, ఇంట్లో అందరూ ప్రశాంతంగా ఉన్న పూట చూసుకుని, ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి. తప్పితే మొదట ఎవరికి చెప్పాలి? ఆ మనిషి భార్యే కానక్కర్లేదు. బావమరిది కావచ్చు, మానేసి నిలబడ్డ స్నేహితుడు కావచ్చు. చెప్పిన రోజు ఇంట్లోవాళ్లు ఏం అనకూడదు? ఆ రోజు తిట్టడం, ఏడవడం, పెద్దమనుషుల్ని పిలవడం వద్దు. ఏం జరిగింది, ఎక్కడ, ఎవరితో అని మాత్రం అడగండి. తర్వాతి రెండు రోజుల్లో ఏ డాక్టర్ దగ్గరికి, ఎవరు తోడుగా వెళ్లాలి? అతని చేతే రాయించండి. అతను రాసింది కాకపోతే పనికి రాదు.

చేతిలో డబ్బు పడే రోజులు

ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్ముడైతే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ మెసేజ్ వచ్చిన గంటే ప్రమాదం. కార్డు, ఫోన్ పే ఆ వారం ఎవరి దగ్గర ఉండాలో ముందే ఒప్పుకోండి. బలవంతంగా లాక్కోవద్దు, ఒప్పందంగా చేసుకోండి. నెల్లూరు వైపు వరి కోతలకు, రొయ్యల చెరువు పట్టుబడికి, చీమకుర్తి క్వారీల్లో జీతం రోజుకు కూడా ఇదే లెక్క. వేలం దగ్గర అప్పులవాళ్లతో గొడవ పడ్డ సాయంత్రం ఒంటరిగా తిరిగి రావొద్దు.

తీరం ఊళ్లలో చిక్కు వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు చేపల వేట నిషేధం. డబ్బు ఉండదు, పని ఉండదు. ఖాళీ మధ్యాహ్నాలు వేట రోజుల కన్నా కష్టం. వలలు బాగు చేసుకునే పని గానీ, వేరే కూలి గానీ ఏప్రిల్ రాకముందే మాట్లాడుకోండి.

తిరునాళ్ళలో, పెళ్లిలో

రాత్రంతా ప్రభల దగ్గర ఉండాలనే పట్టుదల వద్దు. ఎన్నింటికి బయలుదేరాలో ఇంటి దగ్గరే అనుకోండి. సొంత బండి మీదే వెళ్లండి, లేకపోతే వేరేవాళ్లు లేచేదాకా ఇరుక్కుపోతారు. "ఒక్క పెగ్గే కదా బావా" అన్నవాడికి కారణాలు చెప్పొద్దు. చెప్పిన ప్రతి కారణానికి వాడి దగ్గర ఒక జవాబు ఉంటుంది. "మానేశాను బావా" అని అక్కడి నుంచి లేవండి. కోరిక ఎంత గట్టిగా వచ్చినా సాధారణంగా అరగంటలోపు దిగిపోతుంది. ఆ అరగంట నడవండి, ఏదైనా తినండి, కాగితంలో రాసుకున్న మనిషికి ఫోన్ చేయండి. ఆకలి, కోపం, ఒంటరితనం, నిద్రలేమి, ఈ నాలుగింటిలో రెండు కలిసిన రోజు అసలు ఆ తిరునాళ్ళకే వెళ్లొద్దు.

ఇక మిగతావి, తోచిన వరుసలో:

తాగిన తర్వాత కనీసం 12 గంటలు గడవకుండా డైసల్ఫిరామ్ మాత్ర వేయకూడదు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. అందుకే తప్పితే మాత్ర వేసే ముందే చెప్పండి.

ఆ మాత్ర ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. రెండు రోజులు మానేసి తాగితే ఏం కాదనే లెక్క ప్రాణం తీస్తుంది.

చెప్పకుండా అన్నంలో, సాంబారులో కలిపే "తాగుడు మాన్పించే పొడి" కొనొద్దు. అందులో ఏముందో మీకూ తెలియదు, అతనికీ తెలియదు. అదే మాత్ర పొడి అయితే, అతను తాగిన రోజు ఎందుకు పడిపోయాడో డాక్టరుకు కూడా అర్థం కాదు.

ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలు, కొన్ని దగ్గు మందుల్లో ఆల్కహాల్ ఉంటుంది. అడగకుండా తాగొద్దు.

బీరు కూడా మందే.

నెలల తర్వాత పాత మోతాదు తాగితే ఒళ్లు తట్టుకోదు.

మళ్లీ రోజూ తాగుతున్న మనిషిని గదిలో పెట్టి తాళం వేయొద్దు. ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, ఆ తర్వాత మతి తప్పి మాట్లాడొచ్చు. వణుకు, చెమట, లేనివి కనిపించడం మొదలైతే ఆసుపత్రికే. 2020 జూలై చివర్లో కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మన ప్రకాశం జిల్లా సంగతే అది.

పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు. తప్పిన రాత్రి సిగ్గుతో ఉన్న మనిషి చేతికి అవి అందకూడదు. చనిపోతానని అంటే తాగిన మాటలే అని తీసిపారేయొద్దు, ఒంటరిగా వదలొద్దు.

బాగున్నాడని మాత్రలు ఇంట్లోవాళ్లు ఆపొద్దు.

చుట్టాల సీసాలు మీ ఇంట్లో దాచనివ్వొద్దు. ఒక్క రాత్రికైనా సరే.

పిల్లల చేత "నాన్న నోరు వాసన చూడు" అనే పని చేయించొద్దు.

రాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446.

తప్పితే దాచొద్దు. అదే రోజు చెప్పండి. చెప్పిన మనిషిని ఆ రోజు తిట్టొద్దు.

తిరునాళ్ళకు ముందు వారం ఒకసారి, అయిన మూడు రోజుల్లోపు మరోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేలా రెండు తేదీలూ ఇవాళే తీసుకోండి.