పిల్లల చెవి ఇన్ఫెక్షన్‌కి తాగే మందు: అది మధ్య చెవి దాకా చేరాలంటే ఎలా వేయాలి

నొప్పి చెవిలో ఉంటే మందు నోట్లో ఎందుకు, చుక్కలు వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. చీము చేరేది కర్ణభేరి వెనక, మధ్య చెవిలో, కర్ణభేరికి చిల్లు లేకపోతే బయట వేసిన చుక్క దాన్ని దాటదు. (చిల్లు పడి చీము కారుతున్నా, చెవిలో ట్యూబ్ పెట్టి ఉన్నా సంగతి వేరు, అప్పుడు డాక్టరు చుక్కలు రాయొచ్చు.)

తాగిన అమాక్సిసిలిన్ (ఈ ఇన్ఫెక్షన్‌కి మామూలుగా రాసే యాంటీబయాటిక్) చిన్నపేగులోంచి రక్తంలోకి వెళ్తుంది. మధ్య చెవి లోపలి పొర నిండా సన్నని రక్తనాళాలు ఉంటాయి, వాటిలోంచి మందు మెల్లగా ఆ చీములోకి దిగుతుంది. అయితే రక్తంలో ఉన్నంత మోతాదు అక్కడికి రాదు, అందులో కొంత భాగమే వస్తుంది. అందుకే ఈ ఇన్ఫెక్షన్‌కి చాలాసార్లు పిల్లల బరువులో కిలోకి రోజుకి 80 నుంచి 90 మిల్లీగ్రాములు లెక్కేసి, రెండు పూటలకి పంచి రాస్తారు. ఇంత మందా అని భయపడి మీరే తగ్గించేస్తే తగ్గేది చెవిలోకి చేరే మందే.

వేళ తప్పకపోవడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే ఈ మందు బ్యాక్టీరియాని ఆపగలిగే స్థాయిలో ఎంతసేపు నిలిచింది అన్నదే లెక్క. రెండు పూటలు అంటే సుమారు పన్నెండు గంటల తేడా.

మందు పొడి ఉన్న సీసాలో నీళ్లు సరిగ్గా గీత దాకా పోయండి. వేసే ప్రతిసారీ బాగా కుదపండి, లేదంటే మందు అడుగున పేరుకుని మొదటి డోసులు పలచగా, చివరివి చిక్కగా వస్తాయి. వంటింటి చెంచా వద్దు, కొలత గీతలున్న సిరంజి తీసుకుని బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా వదలండి. తాగిన కాసేపటికే కక్కేస్తే మళ్లీ వేయాలా అని డాక్టరుని అడగండి.

మొదటి రోజు నొప్పి యాంటీబయాటిక్‌తో తగ్గదు, దానికి బరువుకి తగ్గ పారాసిటమాల్ ఇవ్వండి. 48 నుంచి 72 గంటల్లో తేడా కనిపించకపోతే మళ్లీ చూపించాలి, చెవి వెనక వాచి ఎర్రబడితే మాత్రం అంతసేపు ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి. నొప్పి పోగానే సీసా పక్కన పెట్టేయకండి, డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయండి. ఆ తర్వాత కూడా లోపల నీరు కొన్ని వారాలు ఉండి వినికిడి కాస్త మందగించొచ్చు, అది చాలామందిలో దానంతటదే పోతుంది, మూడు నెలలైనా పోకపోతే వినికిడి పరీక్ష చేయించండి.