బయటి దేశం పోతున్న తిరుపతి, చిత్తూరు పిల్లలకి: మొదటి నెలల్లో మనసు గురించి

బ్యాంక్ అకౌంట్ ఎట్ల తెరవాల, సిమ్ యాడ దొరుకుతాది, ఇవి చెప్పేవాళ్ళు చానామంది ఉన్నారు గానీ అక్కడికి పోయినంక మనసు ఎట్ల మారతాదో ఎవరూ చెప్పరు, అందుకే సైకాలజీలో మొదట నేర్పే విషయాల్లోంచి మీకు పనికొచ్చేవి రాస్తున్నా.

మొదట్లో అంతా బాగుంటాది, రోడ్లు, మంచు, ఫోటోలు. తర్వాత చిన్నదానికే చిరాకు, ఇల్లు గుర్తొచ్చి ఏడుపు, అక్కడోళ్ళు ఏం చేసినా తప్పే అనిపిస్తాది. ఇదే కల్చర్ షాక్. కలెర్వో ఓబర్గ్ అనే ఆంత్రొపాలజిస్ట్ (మనుషుల సంస్కృతుల గురించి చదివేవాడు) 1960లో దీని మీద రాసినాడు, ఆయన చెప్పిన కారణం ఏమంటే రోజూ ఆలోచించకుండా వాడుకునే గుర్తులన్నీ ఒక్కసారిగా పోతాయని. మన గాంధీ రోడ్డులో ఎవర్ని 'అన్నా' అనాల, ఎవర్ని 'సార్' అనాల, అంగట్లో ఎంతవరకు బేరం ఆడాల, ఏదీ ఆలోచించం కదా, అక్కడ బస్సెక్కేదానికి కూడా ఆలోచించాల, సాయంత్రానికి అలసిపోతారు. అది మీ చేతగానితనం కాదు.

క్లాసులో పక్కనోడు పలకరించకుంటే పొగరు అనేసుకుంటాం. వాడికి పరీక్ష టెన్షన్ ఉండొచ్చు, రాత్రి నిద్ర లేకపోవచ్చు. ఎదుటోళ్ళ పరిస్థితి చూడకుండా గుణం మీదికి తోసేయడాన్ని లీ రాస్ అనే సైకాలజిస్ట్ 1977లో ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అన్నాడు, కొత్త దేశంలో ఇది ఇంకా ఎక్కువ జరుగుతాదని నా నమ్మకం.

ఫ్రెండ్స్ కావాలంటే రోజూ ఒకే చోట కూర్చోండి, ఒకే టైంకి లైబ్రరీకి పోండి. మళ్ళీ మళ్ళీ కనపడేదాని మీద ఇష్టం పెరుగుతాదని రాబర్ట్ జయాంక్ అనే సైకాలజిస్ట్ 1968లో చూపించినాడు, బిడియం ఉన్నోళ్ళకి ఇంతకంటే తేలికైన దారి నాకు తెలీదు. మనోళ్ళతో కలిసి సంగటి, ఊరిబిండి చేసుకునేది మానొద్దు, అదీ ఉండాల, ఇదీ ఉండాల.

నిద్ర సంగతి, మంచం మీద చదవొద్దు, ఫోన్ చూడొద్దు, మంచం అంటే నిద్రే అని ఒంటికి అలవాటు కావాల.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. రెండు వారాలకి పైగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం ఉంటే అది బెంగ అని వదిలేయొద్దు, డిప్రెషన్ కావచ్చు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి పోండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అమెరికాలో అయితే 988 అనే హెల్ప్‌లైన్‌కి ఏ టైంలోనైనా కాల్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు, పక్క రూములో ఉన్నోళ్ళని కూడా లేపండి.