కోడింగ్ క్లబ్బులో మెంటర్లకు ఎదురయ్యే చిక్కులు: లక్షణం, కారణం, మందు

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద హాలు. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా అక్కడ మా క్లబ్బు, పిల్లలు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే చోటు. పదకొండు కంప్యూటర్లున్నాయి, తొమ్మిదే పనిచేస్తాయి. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలొస్తారు. ఫీజు లేదు, సిలబస్ లేదు, పరీక్ష అసలే లేదు. పిల్లల పక్కన ఉండి నేర్పే మెంటర్లలో కొత్తగా వచ్చినవాళ్లు నాలుగో వారానికి నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదులు దాదాపు ఇవే.

"అయిపోయింది సార్" అంటారు, వచ్చే వారానికి ఒక్క ముక్క గుర్తుండదు

కారణం: మౌస్ మీరు పట్టుకున్నారు.

మన దగ్గర ఇది మరీ తేలిగ్గా జరిగిపోతుంది. సార్ వచ్చాడంటే పిల్లాడు లేచి నిలబడతాడు, కుర్చీ ఇస్తాడు. మీరు కూర్చుంటారు. కూర్చున్నాక చేతులు ఊరుకోవు. రెండు నిమిషాల్లో ప్రోగ్రాం నడుస్తుంది, వాడు "థాంక్యూ సార్" అంటాడు, మీకూ సంతోషమే. ఇందులో నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. మొదటి రెండు నెలలు నేను చేసిందీ ఇదే.

ఏం చేయాలి: కుర్చీ ఇస్తే తీసుకోకండి. పొట్టి స్టూలు ఒకటి వెంట తిప్పుకోండి, దాని మీద పిల్లాడి కంటే కిందికి కూర్చోండి. చేతులు కట్టుకోండి. రెండే ప్రశ్నలు వేయండి: "ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది?" సగం సార్లు రెండో ప్రశ్నకు జవాబు చెబుతూనే తప్పు వాళ్లే పట్టేస్తారు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో మొదలైన కోడర్‌డోజో క్లబ్బుల్లో ఇంకో పద్ధతి ఉంది: ముందు ముగ్గురు తోటివాళ్లను అడుగు, అప్పటికీ తేలకపోతే నన్ను అడుగు. మేమూ పెట్టాం. మొదట్లో పిల్లలు గోల గోల చేశారు. చేయనివ్వండి.

కూడిక తప్పొస్తోంది

ఏడో తరగతి పిల్లాడొకడు ఉన్నాడు, వాళ్ల నాన్న మిర్చి యార్డులో గుమస్తా. టిక్కీల (మిర్చి బస్తాల) బరువు కూడే ప్రోగ్రాం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తానన్నాడు. మొదటి టిక్కీ కిలోల్లో 42 అని కొట్టాడు, రెండోది 44. ఎంటర్ నొక్కితే 4244 వచ్చింది. రెండు టిక్కీలకు నాలుగు టన్నులు! పక్కనున్నవాళ్లు పడీపడీ నవ్వారు.

కారణం తెలిసిందే. ఇన్‌పుట్ ద్వారా వచ్చేదేదైనా పైథాన్‌కు అక్షరాల వరసే. అక్షరాలకు ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది. దాన్ని అంకెగా మార్చేది ఇంట్. "ఇంట్ పెట్టరా" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. "ఆ 42 ఏ రకమో టైప్ అనే ఆజ్ఞతో అడిగి చూడు" అన్నాను. స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, అని వచ్చింది. "అంటే ఇది అంకె కాదా సార్? మరి అంకెలాగే ఉందిగా!" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే పది నిమిషాలు ఆగాల్సి వచ్చింది. ఇంట్ వాడే వెతుక్కున్నాడు, 86 వచ్చింది.

కథ అక్కడితో అవలేదు. ఈసారి 42.5 కొట్టగానే వాల్యూ ఎర్రర్. ఇంట్‌కు పూర్తి అంకెలే కావాలి, దశాంశం ఉన్న అక్షరాల వరస ఇస్తే ఒప్పుకోదు. దశాంశాలను ఒప్పుకునే ఫ్లోట్ దాకా వెళ్లేసరికి క్లాసు ముగింపు గంట కొట్టేశాం. మరుసటి వారం వాడు ఇంకో సమస్య మోసుకొచ్చాడు: "తరుగు తీయకుండా లెక్కేంట్రా అన్నాడు సార్ నాన్న." పుస్తకంలోని అభ్యాసం ఇస్తే రెండో వారం కూడా దాన్ని పట్టుకుని వచ్చేవాడు కాదనే నా అనుమానం.

చిన్నాచితకా, కానీ ప్రతి వారం వచ్చేవి

బ్లాకులు అతికించి బొమ్మల ఆటలు చేసే స్క్రాచ్‌లో పిల్లి అంచుకు తగిలి తలకిందులుగా నడుస్తోందా? బొమ్మ మామూలుగా ఎటైనా తిరిగేలా ఉంటుంది, గోడ తగిలి వెనక్కి తిరిగితే తలకిందులవుతుంది. రొటేషన్ స్టైల్‌ను లెఫ్ట్-రైట్ చేస్తే సరి. కొందరు పిల్లలు అలాగే ఉంచమంటారు, నాకూ అదే బాగుంటుంది.

బొమ్మ మాయమైందంటే ఎక్కడో దాన్ని దాచే హైడ్ బ్లాకు పెట్టి మరిచారు. ఆట ఆపినా ఆ దాపరికం పోదు. ఆట మొదలుపెట్టే పచ్చజెండా బ్లాకు కిందే షో, దాని కింద ఎక్స్ సున్నా, వై సున్నాకు వెళ్లే బ్లాకు పెట్టమనండి.

కోడ్ అక్షరం అక్షరం సరిగ్గానే ఉంది, అయినా ఇన్వాలిడ్ క్యారెక్టర్ అంటోందంటే దాన్ని వర్డ్ ఫైల్లోంచి తెచ్చి అతికించారన్నమాట. వర్డ్ మామూలు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేస్తుంది, పైథాన్‌కు అవి పనికిరావు. చెరిపి చేత్తో కొట్టించండి.

ఎర్రర్ రాగానే పిల్లలు మొదటి లైను చూసి బెదిరిపోతారు. చివరి లైను నుంచి పైకి చదవడం అలవాటు చేయండి. తప్పేమిటో చివర్లోనే ఉంటుంది.

దానంగా వచ్చిన కంప్యూటర్లో ఏదీ ఎక్కడం లేదు

విండోస్ 7 ఉందేమో చూడండి. దాని మీద పైథాన్ 3.8 దాకానే ఎక్కుతుంది, 3.9 నుంచి ఎక్కదు. స్క్రాచ్ 3 యాప్‌కు విండోస్ 10 కావాలి. పాత డబ్బాతో కుస్తీ పట్టకుండా విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసేయండి, స్క్రాచ్‌ను బ్రౌజర్లో నడపండి. పాత పైథాన్‌తో ఇంకో నష్టం ఉంది. 3.10 నుంచి బ్రాకెట్ మూయడం మరిచిన చోటనే అది వేలు పెట్టి చూపిస్తుంది. పాతది కింది లైను తప్పంటుంది, పిల్లలు ఏ తప్పూ లేని లైనును పది నిమిషాలు కెలుకుతారు.

యూపీఎస్ లేకపోతే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి పావుగంటకోసారి "సేవ్!" అని అరవడానికి ఒకరిని పెట్టండి. ఈ పదవికి మా ఆరో తరగతిలో గట్టి పోటీ ఉంది.

అమ్మాయిలు చూస్తూ కూర్చుంటారు

ఇద్దరికో కంప్యూటర్ ఉన్నప్పుడు కీబోర్డు ఎవరి చేతికి వెళ్తుందో గమనించండి. "నువ్వు కూడా చెయ్యమ్మా" అంటే ఏమీ మారదు. వంటింటి టైమర్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాం. పది నిమిషాలకు మోగుతుంది, కుర్చీలు మారాలి. కీబోర్డు లేనివాళ్లు చెప్పాలి, ఉన్నవాళ్లు చెప్పింది మాత్రమే కొట్టాలి. ఒకప్పుడు మా క్లాసు సాయంత్రం ఆరింటికి ఉండేది. అప్పుడు ముగ్గురే అమ్మాయిలు వచ్చేవారు. పొద్దుటికి మార్చాక ఆ ఇబ్బంది పోయింది. దీనికి కోడింగ్ మీద ఆసక్తితో సంబంధమే లేదు, చీకటి పడ్డాక పంపరు, అంతే.

సంక్రాంతి తర్వాత తొమ్మిదో తరగతి ఖాళీ

ఫౌండేషన్ కోర్సులు, ఆదివారం టెస్టులు. మీ తప్పు కాదు, ఫోన్లు చేసి బతిమాలకండి. "దీనివల్ల ర్యాంక్ వస్తుందా అండీ?" అని అమ్మలు అడిగితే రాదనే చెప్పండి. అబద్ధం చెబితే వచ్చే యూనిట్ టెస్టుకే బయటపడుతుంది. మేం చేసే పని ఒకటే: డిసెంబరులోనే ప్రాజెక్టు ముగించి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తాం.

పిల్లలు మీ నంబరు అడుగుతున్నారు

ఇవ్వకండి. డౌట్లన్నీ అమ్మానాన్నలున్న గ్రూపులోనే. తలుపు తీసే ఉండాలి, ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు. "మా తొమ్మిదో తరగతి కుర్రాళ్లు పెద్దవాళ్లే కదా" అనే మెంటర్ ప్రతి ఏడాదీ ఒకరుంటారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా బాలలే. ఇక్కడ మొహమాటం వద్దు.

మూడో నెల నుంచి మీకే రావాలనిపించదు

కారణం చాలాసార్లు తలలెక్క. ఒక్కరు పన్నెండు మందిని చూస్తున్నారు. ఐదారుగురికి ఒకరుండాలి. లేకపోతే పిల్లల్ని చేర్చుకోవడం ఆపండి, వెయిటింగ్ లిస్టు పెట్టినందుకు ఎవరూ తిట్టరు. రెండో కారణం, తెలియనిది అడుగుతారేమోనన్న టెన్షన్‌తో శనివారం రాత్రంతా చదవడం. "నాకూ తెలీదురా, చూద్దాం పద" అని ఒకసారి అని చూడండి.

రాలేని వారం శుక్రవారం రాత్రిలోగా మెంటర్ల గ్రూపులో "రాను" అని పెట్టండి. కారణం రాయొద్దు, మేమూ అడగం. పెళ్లిళ్ల సీజన్లో మెంటర్లంతా ఒకేసారి "రాను" పెడితే ఆ ఆదివారం సెలవు, ఆ కబురు తల్లిదండ్రులకు శనివారం పొద్దున్నే వెళ్లిపోవాలి. లేకపోతే మేడ మెట్ల మీద ఎండలో నిలబడేది పిల్లలే.