ఫంక్షన్ హాల్‌కు ఫ్లోర్ స్క్రబ్బర్: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

పెళ్లి భోజనాలయ్యాక డైనింగ్ హాల్లో మాప్ పెడితే నూనె జిడ్డు నేలంతా పరుచుకుంటుంది. ఆటోమేటిక్ స్క్రబ్బర్ నీళ్లు వదిలి, బ్రష్‌తో రుద్ది, వెనకున్న స్క్వీజీతో (నేలను ఆనుకుని ఉండే రబ్బరు పట్టీ) మురికినీళ్లు పీల్చేస్తుంది. మిషన్ వెళ్లిన చోట నేల పొడిగా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

కొనేముందు టేపుతో తలుపులు, ర్యాంపు కొలవండి. స్క్వీజీ బ్రష్ కంటే వెడల్పుగా ఉంటుంది, ఇరుక్కునేది అదే. 20 అంగుళాల బ్రష్‌తో, వెనక నడుస్తూ నడిపే మిషన్ మలుపులు పోను గంటకు సుమారు 10 వేల చదరపు అడుగులు శుభ్రం చేస్తుంది. చాలా హాళ్లకు అది సరిపోతుంది. డెమో షోరూమ్‌లో కాదు, మీ హాల్లో, మీ జిడ్డు మీదే అడగండి.

ముందు చీపురుతో ఊడ్చాలి. విస్తరాకు పుల్ల ఒక్కటి స్క్వీజీ రబ్బరు కింద ఇరుక్కున్నా చాలు, హాలు పొడవునా నీటి గీత పడుతుంది. తర్వాత మంచినీళ్ల ట్యాంకులో నురగ తక్కువ వచ్చే లిక్విడ్‌ను డబ్బా మీద రాసిన కొలతలోనే కలపండి. బట్టల సబ్బుపొడి అస్సలు వద్దు, ఆ నురగ వ్యాక్యూమ్ మోటార్‌లోకి వెళ్తే మోటార్ పాడవుతుంది. వరస పక్కన వరస కొద్దిగా కలిసేలా నడపండి. మొండి జిడ్డుంటే స్క్వీజీ ఎత్తి ఒకసారి రుద్ది, 5–10 నిమిషాలు నాననిచ్చి, ఆరకముందే స్క్వీజీ దించి మళ్లీ నడపండి. అక్కడ తడినేల బోర్డు పెట్టడం మరవొద్దు.

ఎంత రాత్రయినా మురికినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మూత తెరిచే ఉంచండి. సాంబారు, పెరుగు కలిసిన నీళ్లు తెల్లారేసరికి కంపు కొడతాయి. బ్రష్ విప్పి పెట్టండి, మిషన్ బరువంతా దాని మీద ఉంటే కుచ్చు వంగిపోతుంది. స్క్వీజీ రబ్బరు తుడిచి, అంచు అరిగితే తిప్పి బిగించండి. చాలా మోడళ్లలో నాలుగు అంచులూ వాడుకోవచ్చు. అయినా నీళ్లు మిగులుతుంటే మెకానిక్‌ని పిలిచేముందు పీల్చే గొట్టంలో మెతుకులు అడ్డుపడ్డాయేమో, ట్యాంకు మూత సరిగ్గా పడిందో లేదో చూడండి.

లెడ్ యాసిడ్ బ్యాటరీని వాడిన రోజే, గాలి ఆడే చోట ఛార్జింగ్ పెట్టాలి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ పూర్తయ్యాక పోయాలి. బ్యాటరీ లోపలి ప్లేట్లు నీటిపైకి బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయండి. తాగే మినరల్ వాటర్ పనికిరాదు. మూఢంలో, ఆషాఢంలో పెళ్లిళ్లు లేవని మిషన్‌ను మూలన వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. నిండా ఛార్జ్ చేసి ఉంచి, నెలకోసారైనా మళ్లీ ఛార్జింగ్ పెట్టండి.