పాత రైడ్ కొత్త కథతో వస్తుంటే స్పాయిలర్లు తగలకుండా ఎదురుచూడటం ఎలా

ఫ్లోరిడా డిస్నీలో నీటి కాలువలో పడవ మీద సాగే స్ప్లాష్ మౌంటెన్ రైడ్ ఆఖరిసారి తిరిగింది 2023 జనవరి 22న. అదే కాలువ మీద కొత్త కథతో టియానాస్ బయూ అడ్వెంచర్ మొదలైంది 2024 జూన్ 28న. మేం అట్లాంటాలో ఉంటాం, ఓర్లాండోకి కారులో ఆరేడు గంటల దారే అయినా పిల్లల బడి, సెలవులు చూసుకుని వెళ్ళేసరికి ఇంకో మూడు నెలలు పట్టింది. నిజంగా కష్టమైంది ఆ మూడు నెలలే, ఎందుకంటే అప్పటికి ఊరంతా ఎక్కేసింది, నేను తప్ప.

ముందు ఒక విషయం. కొత్త రోలర్ కోస్టర్ వీడియో చూసినా పెద్ద నష్టం లేదు, కడుపులో తిప్పేది ఎక్కితేనే తెలుస్తుంది. థీమ్ మార్చిన రైడ్ అలా కాదు. కాలువ అదే, మలుపులు అవే, చివర్లో దాదాపు 50 అడుగుల నుంచి కిందికి జారేదీ అదే. కొత్తగా వచ్చేది కథ, బొమ్మలు, పాటలు, వెలుతురు మాత్రమే. వీడియోలో దొరికిపోయేవి సరిగ్గా అవే. అందుకే దీని విషయంలో నేను గట్టిగా ఉంటాను.

ఫోన్ దగ్గర మొదలుపెట్టండి. ఈ రైడ్ తెరవకముందే డిస్నీ వాళ్ళే మొదటి నుంచి చివరి దాకా ఉన్న వీడియో పెట్టేశారు, కాబట్టి అఫీషియల్ ఛానెల్ కదా అని నమ్మకండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేయండి, ఆటోప్లే తీసేయండి, రైడ్ బొమ్మ కనిపించిన ప్రతిసారీ ‘నాట్ ఇంట్రెస్టెడ్’ నొక్కండి. ఎక్స్‌లో రైడ్ పేరు మ్యూట్ చేయండి, పేరులో ఒక్క ముక్కే రాసేవాళ్ళూ ఉంటారు కాబట్టి ‘టియానా’, ‘బయూ’ విడివిడిగా కూడా పెట్టండి, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి.

వాట్సాప్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు దెబ్బ తగిలింది అక్కడే. మన సినిమాలకి ఇక్కడ ప్రీమియర్ చూసి క్లైమాక్స్ చెప్పేస్తే తప్పని మనవాళ్ళందరికీ తెలుసు, కానీ రైడ్‌కి కూడా ఒక కథ ఉంటుందని చాలామందికి తట్టదు. కాబట్టి ‘స్పాయిలర్లు వద్దు’ అంటే సరిపోదు, ఏం చెప్పొచ్చో కూడా చెప్పండి. ‘వదినా, ఎంత తడిశారో, లైన్ ఎంతసేపు పట్టిందో చెప్పు, లోపల ఏముందో మాత్రం మేం వెళ్ళొచ్చేదాకా వద్దు’ అని ముందే అడిగి ఉంటే బాగుండేది. నేను అడగలేదు. గ్రూపులో ఇరవై సెకన్ల క్లిప్ వచ్చింది, ఫోటో అనుకుని నొక్కాను, ఒక సీను చూసేశాను.

తెలుసుకోవాల్సినవి కొన్ని ఎలాగూ ఉంటాయి: ఎత్తు కనీసం 40 అంగుళాలు ఉండాలి, తడుస్తారు, రైడ్ దాదాపు పది నిమిషాలు. మిగతావి, అంటే ఆ రోజు రైడ్ నడుస్తోందా లేదా లాంటివి, స్పాయిలర్లు పట్టించుకోని మనిషికి అప్పగించండి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. చీకటికి భయపడే పిల్లలుంటే మాత్రం పెద్దవాళ్ళలో ఒకరు వీడియో చూసి తీరాలి, ఆ విషయంలో నేను వాదించను.

ఎదురుచూడటమంటే అన్నీ మూసుకుని కూర్చోవడం కాదు. 2009లో వచ్చిన టియానా కథ, డిస్నీ కార్టూన్ సినిమా ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ ఇంటిల్లిపాదీ మళ్ళీ చూడండి, రైడ్ దాని తర్వాతి కథే. ఆ సినిమాకి ర్యాండీ న్యూమన్ కట్టిన పాటలు కారులో పెట్టుకోండి, రైడ్ కోసం కొత్తగా కట్టిన పాట మాత్రం వదిలేయండి. టియానా పాత్రకి స్ఫూర్తి న్యూ ఆర్లీన్స్‌లో రెస్టారెంట్ నడిపిన లియా చేజ్, ఆవిడ గురించి చదవండి. ఒక ఆదివారం బెన్యేలు చేసుకోండి, పులిసిన పిండిని చదరపు ముక్కలుగా కోసి నూనెలో వేయించి పైన పంచదార పొడి చల్లడమే. పాత స్ప్లాష్ మౌంటెన్ వీడియో ఒకటి చూడటం కూడా మంచిదే, ఏ మలుపులో ముందు ఏముండేదో గుర్తుంటే కొత్తది ఇంకా బాగా తగులుతుంది. కానీ ఆ వీడియో అయ్యాక వెంటనే పాత, కొత్త పోల్చే వీడియో వస్తుంది. అందుకే ఆటోప్లే తీసేయమన్నాను.

పార్కులో పొద్దున్నే ముందు దీనికే వెళ్ళండి. చివరి జారుడు బయటికే కనిపిస్తుంది, దానికి బాధపడొద్దు. పక్కనున్న షాపులోకి మాత్రం ఎక్కాకే వెళ్ళండి. చిన్నపిల్లలుండి రైడర్ స్విచ్ (పెద్దవాళ్ళు వంతులవారీగా పిల్లల దగ్గర ఉండి ఎక్కే పద్ధతి) వాడితే, ముందు ఎక్కినవాళ్ళు దిగగానే నోరు విప్పకూడదని ముందే మాట తీసుకోండి.

ఇంత చేసినా ఏదో ఒకటి కంటపడితే అక్కడితో ఆపేయండి. ఎలాగూ చూశాం కదా అని మిగతాది చూడొద్దు. ఆ క్లిప్‌లోని సీను వచ్చినప్పుడు నా కళ్ళు ముందే అటు తిరిగి ఉన్నాయి, ఏమీ అనిపించలేదు. ఆ తర్వాతి మలుపు తిరగ్గానే మాత్రం నేనూ మా చిన్నదీ ఒకేసారి అరిచేశాం. అక్కడ ఏముందో రాయను, మా అక్క పిల్లలు ఇంకా ఎక్కలేదు.